గ్యాస్ బండ గారికి, మూడో అంతస్తు నుంచి

మహారాజశ్రీ గ్యాస్ బండ గారికి, మూడో అంతస్తు ఇల్లాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయం అంటే మీరూ, స్టవ్వూ. నా నడుం సంగతి అందులో కలపలేదు.

మొన్న మంగళవారం లిఫ్ట్ పనిచేయట్లేదని మిమ్మల్ని గేటు దగ్గరే దింపేసి, "సార్ వచ్చాక పైకి తెచ్చుకుంటార్లే మేడం, ఓటీపీ చెప్పండి" అన్నాడు చూశారూ ఆ కుర్రాడు, అప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇంటిదాకా తెచ్చే ఖర్చు బిల్లులోనే ఉంటుంది, అది కాక ప్రతిసారీ చేతిలో పెట్టే యాభై ఉంటుంది, సరే అవన్నీ వదిలేయండి. అతనికి ఇవ్వాల్సిన ఖాళీ బండని మూడు అంతస్తులూ దించుకొచ్చింది నేనే! పదిహేను కిలోలకి తక్కువుండదు. దించేటప్పుడు నేను ఆడదాన్నని ఎవరికీ గుర్తురాలేదు, ఎక్కించాలంటే మాత్రం సార్ కావాల్సొచ్చాడు.

ఆ సార్‌కి నడుం పట్టేసి మూడేళ్ళయింది. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టర్. మీకు తెలియని విషయమా, ఈ మూడేళ్ళూ గుమ్మం నుంచి వంటింట్లోకి మిమ్మల్ని అడుగంచు మీద దొర్లించుకుంటూ తెస్తోంది ఎవరు?

లోపల గ్యాస్ 14.2 కిలోలు, మీ సొంత ఒళ్ళు మరో పదిహేను, పదహారు. దగ్గర దగ్గర ముప్పై. "అది మగాళ్ళ బరువమ్మా, మన శరీరమే అలాంటిది కాదు" అంటారు కింది ఫ్లాట్ పిన్నిగారు.

తేడా లేదని నేను అననండీ. మా ఇంట్లోనే చూశాను. పన్నెండేళ్ళు వచ్చేదాకా పంజా పడితే మా వాణ్ణి వాళ్ళక్క ఏడిపించి వదిలేది. ఆ తర్వాత వాడి గొంతు మారింది, మీసం మొలిచింది, ఒక్క బస్కీ తీయకుండానే చేతుల్లోకి బలం వచ్చి కూర్చుంది. ఇప్పుడు నన్ను మూడు సెకన్లలో పడేస్తాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో మగవాళ్ళ బంగారు పతకం 357.5 కిలోలకి వస్తే ఆడవాళ్ళది 242.5కి వచ్చింది. ఒప్పుకున్నాను. కానీ అదే పోటీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 ఎత్తి కంచు తెచ్చింది కదా, అందులో ఒక్క లిఫ్టుకే 130 కిలోలు తల పైకి లేపింది. అంటే నాలుగు నిండు బండలు, వాటి మీద ఓ పది కిలోల బియ్యం సంచీ. నన్ను మూడు సెకన్లలో పడేసే ఆ పుట్టుబలం మాత్రం మంగళవారం సాయంత్రం సోఫాలో ఫోన్ పట్టుకుని, "అమ్మా ప్లీజ్, గేమ్ మధ్యలో ఉన్నా" అంది.

ఇంకొకటి చెప్పాలి, ఇదే నన్ను తినేస్తోంది. మా వాచ్‌మన్ భార్య ఉంది. మొన్న పక్క ఫ్లాటులో టైల్స్ మారుస్తుంటే ఇసుక మోసింది ఆవిడే. పాత చీర ముక్క చుట్టకుదురు చేసుకుని, దాని మీద తట్ట పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్టుకో ఊపిరి తీస్తూ రెండు రోజులు ఎక్కింది, దిగింది. పైన మేస్త్రీ గారి చేతిలో తాపీ. దాని బరువెంతో మీరే చెప్పండి. కూలీ ఎవరికి ఎక్కువో నేను చెప్పక్కర్లేదు. అది పనితనానికి ఇచ్చే కూలీ అంటారు, మరి ఆవిడ చేతికి తాపీ ఇచ్చి నేర్పినవాడు ఒక్కడున్నాడా? మన శరీరం అలాంటిది కాదన్న పిన్నిగారే తలుపు తీసి బయటికొచ్చి, "ఇసుక మెట్ల మీద పడుతోందే, తుడిచెళ్ళు" అన్నారు.

నాగలి బరువు కాబట్టి దున్నకం మగాడిదన్నారు, బాగానే ఉంది, ట్రాక్టర్ వచ్చి స్టీరింగ్ ఒంటిచేత్తో తిరుగుతున్నా ఆ సీటు ఇంకా ఆయనదే. నాట్లకి రోజంతా వంగే నడుం లెక్కలోకి రాదు. చంకలో పన్నెండు కిలోల పిల్లాడైతే అసలు బరువే కాదు, ముద్దు!

ఇక గారూ గీరూ నా వల్ల కాదు. ఒసేయ్ బండా, ఎత్తడానికి వచ్చింది ఆడా మగా అని నువ్వు అడగవు, అంతవరకు నువ్వే నయం. మంగళవారం చీకటి పడ్డాక నీ మెడ రింగు ఒక పక్క నేను, రెండో పక్క వాచ్‌మన్ భార్య పట్టుకుని మెట్లెక్కాం. రెండో అంతస్తులో నిన్ను దింపి, గోడకి జారగిలబడి, ఎందుకో తెలీదు, ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. రెగ్యులేటర్ మొదటిసారికే టక్కున పడింది. ఆవిడకి టీ ఇచ్చి, ఇంట్లో అందరికీ పెసరట్లు పోశాను.

తొమ్మిదింటికి ఎదురింటి మాష్టారు తొంగి చూసి, "లిఫ్ట్ లేకపోయినా బండ పైకి తెచ్చేశారే! ఆ నడుంతో! మీరు గట్టివారండీ" అన్నారు మా ఆయనతో.

ఈయన కాదనలేదు. నవ్వి, భుజం కూడా రుద్దుకున్నారు.