గుండెకు మందు సరే, గుబులుకు?

గుండెపోటుకు స్టెంట్ వేయించుకుని ఇంటికెళ్లే మనిషి చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో అన్నీ ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కు ఒకటి, ఉప్పు తగ్గించమన్న హితవు. పడుకుంటే తెల్లారి లేస్తానో లేదోనన్న బెంగ ఊసే ఉండదు. ఆ బెంగ ఇంట్లో కనిపిస్తుంది. స్నానాల గదికి గడియ పెట్టుకోరు. పూటకు నాలుగుసార్లు బీపీ చూసుకుంటారు. ఎడమ చెయ్యి కాస్త లాగినా ఒళ్లంతా చెమటలు పడతాయి. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే డీఫిబ్రిలేటర్ పరికరాన్ని ఛాతీలో అమర్చుకున్నవారిలో కొందరికి, అది ఎప్పుడు షాక్ కొడుతుందోనన్న భయం మరొకటి.

భయపడితే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది. ఆ దడను రోగి మళ్లీ గుండెపోటే అనుకుంటాడు, భయం రెట్టింపవుతుంది. చివరికి నడక మానేస్తాడు. వ్యాయామం మేలు చేస్తుందని డాక్టరు చెప్పిన గుండెకు అదీ కరవవుతుంది.

‘ధైర్యంగా ఉండండి’ అనడం వైద్యం కాదు. ‘అదంతా నీ భయమే’ అని కొట్టిపారేయడం ఇంకా ప్రమాదం. గుండె జబ్బున్న మనిషికి ఛాతీలో కొత్తగా నొప్పి వస్తే అది భయమో, పోటో తేల్చాల్సింది ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష. ఇంట్లోవాళ్లు కాదు.

గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ఐదుగురికి ఒకరు తీవ్రమైన కుంగుబాటుకు లోనవుతారు. ఆందోళన తరచూ దానికి తోడుంటుంది. గుండె రోగుల్లో కుంగుబాటును పరీక్షించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే సూచించింది. ఇప్పటికీ చాలాచోట్ల రివ్యూ అంటే బీపీ, ఈసీజీ, మందుల చీటీ! ఆందోళనను పసిగట్టే జీఏడీ-7 అనే ప్రశ్నపత్రంలో ఉన్నవి ఏడే ప్రశ్నలు, రెండు మూడు నిమిషాల పని. చికిత్సలూ ఉన్నాయి. మాటల ద్వారా ఆలోచనల తీరును సరిచేసే మానసిక చికిత్స సీబీటీ ఉంది. పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్డియాక్ రిహాబ్‌లో, గుండె వేగం పెరిగినా ఏమీ కాలేదని రోగి తానే చూసుకుంటాడు. మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే. కుంగుబాటు మందుల్లో సెర్ట్రాలిన్ గుండెపోటు రోగులకు సురక్షితమేనని 2002లో వెలువడిన పరిశోధన తేల్చింది. సిటాలోప్రామ్ లాంటివి మోతాదు మించితే గుండె లయను దెబ్బతీయగలవు కనుక సొంత వైద్యం కూడదు.

బీపీ చూసే నర్సే ఆ ఏడు ప్రశ్నలూ అడగవచ్చు. అయితే జవాబు బాగాలేదని తేలినప్పుడు రోగిని పంపడానికి మానసిక వైద్యుడో, కౌన్సెలరో అందుబాటులో ఉండాలి. ఆ ఏర్పాటు చేయకుండా ప్రశ్నపత్రం మాత్రం చేతికిస్తే ఫైలులో మరో కాగితం చేరుతుందంతే.