ఉబ్బిన డబ్బా గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ స్వీడన్ పులిసిన చేప, సూర్‌స్ట్రొమ్మింగ్ డబ్బా గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మాటవరసకి ఉభయులం అన్నానే గానీ కుశలంగా ఉన్నది తమరొక్కరే. నా చొక్కా మూడు ఉతుకులయ్యాక కూడా బాల్కనీలోనే కాపురం ఉంటోంది. మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వడం లేదు. నన్ను మాత్రం రెండో రోజు రానిచ్చింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. బాల్టిక్ సముద్రంలో వసంతకాలంలో, గుడ్లు పెట్టే ముందు పట్టిన చిన్న హెర్రింగ్ చేపలు మీరు. మా కవళ్లకు వేలువిడిచిన చుట్టాలు. తలలు తీసి, ఉప్పునీళ్ల పీపాల్లో నెలో రెండు నెలలో పులియబెడతారు. పూర్వం ఉత్తర స్వీడన్ జనానికి ఉప్పు ఖరీదైన సరుకు. చేప కుళ్లకుండా ఉండేంత వేశారు, పులవకుండా ఉండేంత వెయ్యలేకపోయారు. ఆ లేమికే తర్వాత రేకు డబ్బా తొడిగారు. అందులోకి వెళ్లాకైనా కుదురుగా ఉంటారా? లోపల పులుస్తూనే ఉంటారు. గ్యాస్ చేరి మూత పైకి, అడుగు కిందికి పొంగుతాయి. వేరే ఏ డబ్బా అలా ఉబ్బినా నేరుగా చెత్తబుట్టకే. తమరు ఉబ్బితే మాత్రం బాగా ఊరారని మురిసిపోతారు. మొదటి సంక్రాంతికి వచ్చి అలిగిన కొత్తల్లుడికి కూడా ఇంత చెల్లదండీ.

పైగా తమరికో రిలీజ్ డేట్. ఆగస్టు మూడో గురువారం. 1998 దాకా ఆ రోజుకు ముందు కొత్త సరుకు అమ్మకూడదని రూలే ఉండేదట. రూలు పోయింది, ముహూర్తం పోలేదు. మా దగ్గర ఈ వైభోగం పెద్ద హీరోలకే.

ఆ ముహూర్తానికే మా ఆఫీసు మిత్రుడు ఉత్తర స్వీడన్‌లోని హోగా కుస్టెన్ తీరంలో ఉన్న వాళ్ల వేసవి ఇంటికి నన్ను పిలిచాడు. అక్కడివాళ్లు తమరిని తమ ఊరి బిడ్డ అనుకుంటారు. మిత్రుడి నాన్నగారు మొదటి డబ్బాను పెరట్లో బకెట్ నీళ్లలో ముంచి, నీళ్లలోనే కోశారు. నాలుగు బుడగలు వచ్చాయి, అంతే. ఇంతేనా అనిపించింది. రెండోది నేను తెరుస్తానన్నాను. "గాలి ఎటుందో చూసుకో" అన్నారాయన. చూసుకోలేదు. బకెట్ కూడా ఎందుకులే అని బల్ల మీదే పెట్టి ఒక పోటు పొడిచాను.

బుస్సుమన్నారు తమరు. ఆ ఉప్పునీళ్లు పిచికారీలా మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దూరాయి. మురిగిన కోడిగుడ్డు, చెడిన వెన్న, వెనిగర్ వరసలో రాలేదు, కలిసికట్టుగా వచ్చాయి. ఈగలకు కబురు ఎవరు పంపారో గానీ అవీ వచ్చాయి. పెద్దాయన నవ్వలేదు. కుర్చీ తీసి గాలికి ఎదురు పక్కన వేసుకున్నారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన పల్చటి రొట్టె మీద వెన్న రాసి, ఉడికిన బంగాళాదుంప చక్రాలు పరిచి, తమరి పొట్ట చీల్చి ముల్లు లాగేసి, రెండంటే రెండు చిన్న ముక్కలు పెట్టారు. పైన ఉల్లి తరుగు, పుల్లటి మీగడ. మడిచి చేతికిచ్చారు. ఊపిరి బిగబట్టి కొరికాను. ఉప్పు, పులుపు, నాలుక అంచున చిన్న చురుకు. కంపు చేసిన హడావుడికీ ఈ రుచికీ పొంతనే లేదు. రెండోది నేనే అడిగి తిన్నాను. తమరిని మూసిన గదిలో తెరిచి, చేపకు చేప నోట్లో వేసుకుని, కెమెరా ముందు వాంతి చేసుకునే కుర్రాళ్లున్నారే, వాళ్లది తమరి తప్పు కాదు. అన్నం లేకుండా గరిటెడు ఆవకాయ మింగి, గుండె పట్టుకుని, ఈ ఆంధ్రావాళ్లు ఎలా బతుకుతున్నారో అన్నట్టుంటుంది.

నా కడుపుమంట కంపు గురించి కాదు. ఆ కంపుకు దొరికే మర్యాద గురించి.

తమరి మీద కేసులు లేకపోలేదు. 2006లో ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ తమరిని పేలే సరుకుల జాబితాలో చేర్చి విమానం ఎక్కనిచ్చేది లేదన్నాయి. 1981లో జర్మనీలో ఒకాయన తమరి నీళ్లు మెట్ల మీద పోశాడని ఇంటి ఓనరు ఉన్నపళంగా ఖాళీ చేయించాడు. గొడవ కోర్టుకెక్కితే ఓనరు తరఫువాళ్లు వాదనతో సరిపెట్టలేదు, కోర్టు హాల్లోనే ఒక డబ్బా తెరిచారు. ఓనరే గెలిచాడు. ఆ జడ్జిగారి భోజనం సంగతి ఎవరైనా కనుక్కున్నారో లేదో.

కానీ చూశారా, అక్కడ కనీసం తెరిచేదాకా ఆగారు. హైదరాబాద్‌లో నేను అద్దె ఇల్లు వెతికినప్పుడు గేటు దగ్గరే అడిగేవారు, "మీరు వెజ్జా, నాన్ వెజ్జా?" అని. నా సంచిలో మా అమ్మ ఉప్పాడ నుంచి పంపిన ఎండు మెత్తళ్లున్నాయి. అవి ఉబ్బలేదు, బుస్సుమనలేదు, ఎవరి మెట్ల మీదా పడలేదు. అయినా ఆ ఇల్లు రాలేదు. చివరికి దొరికిన ఇంట్లో కిటికీలు మూసి, అగరొత్తి వెలిగించి, దొంగతనంగా వేపుకున్నాం. తమరి కోసమేమో ఊరంతా పెరట్లో బల్లలు వేసుకుని పాటలు పాడుతుంది. మా మెత్తళ్లకు ఒక్క గురువారం ఇప్పించగలరా? మూడోదే కానక్కర్లేదు.

ఈ మధ్య బాల్టిక్‌లో హెర్రింగ్ తగ్గిపోయి తమరికీ కరువొచ్చిందని, డబ్బా దొరకడమే కష్టమవుతోందని పెద్దాయన దిగులుపడ్డారు. వీడ్కోలు చెబుతూ, దాచుకున్న వాటిలోంచి ఒకటి నా చేతిలో పెట్టారు. కాదనలేకపోయాను.

ఇట్లు,
తమరి విధేయుడు, చొక్కా లేనివాడు

తా.క.: తమరిని ఫ్రిజ్‌లో కింది అరలో, ఆవకాయ సీసా వెనక పెట్టాను. దయచేసి ఉబ్బకండి. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.