ఆ గంప అల్లిందెవురు సామీ?

ఇప్పుడే తిరుపతిలో ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్ చూసొస్తాండా, బీపీ ఇంకా దిగలా.

గోడకి ఈత బరిగెల గంప. కోడిపిల్లల మింద బోర్లిస్తామే, అదే. దానికి రాగి తీగ చుట్టి, పులికంప పుల్లలు గుచ్చి, పాత చీర పేలిక ఒకటి యాలాడదీసి 'మిక్స్‌డ్ మీడియా' అని కార్డు పెట్టినారు. 'అడవిలో సేకరించిన మొక్కలతో' అంట. రేటులో సున్నాలు రెండుసార్లు లెక్కబెట్టుకున్నా.

బాగలేదని కాదబ్బా, లైటు పడి గోడ మింద ఆ అల్లిక నీడ భలే ఉంది. కానీ అల్లిందెవురని అడిగితే తీగ చుట్టిన ఆర్టిస్టు మేడం 'లోకల్ ఆర్టిజన్స్‌తో కొలాబరేషన్' అనింది. లోకల్‌కి పేరుండదా? తీగ చుట్టినామెకి పేరుంది, ఫోటో ఉంది, ఇన్‌స్టా ఐడీ ఉంది. ముళ్ళు గీసుకుంటా ఈత మట్టలు కోసి, ఆకు దూసి, బరిగెలు చీల్చి నానబెట్టి, అడుగు నించి అంచు దాకా అల్లినామె ఎవురో దేవుడికెరుక.

అమెరికాలో ఎడ్ రాస్‌బాక్ అని ఒకాయన ఉండె, బర్క్‌లీలో ప్రొఫెసరు, న్యూస్‌పేపర్లతో ప్లాస్టిక్‌తో బుట్టలల్లినాడు, బుట్ట మింద మిక్కీ మౌస్‌ని గూడా దించినాడు. పిచ్చోడనుకోండి ఏమన్నా అనుకోండి, చేతులు ఆయనవే!

ఈ గంపలల్లే ఎరుకలామె కొడవలి తీసుకోని శేషాచలం వైపు పోతే ఎర్రచందనం దొంగని పట్టినట్టు వంద ప్రశ్నలు. అడవిని నమ్ముకున్న గిరిజనులు వెదురు గూడా తెచ్చుకోవచ్చని 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది, ఉంటే ఎవురికి కావాల? మేడం తెస్తే మాత్రం 'సస్టైనబుల్'. తెల్లోళ్ళు ఎరుకలోళ్ళని దొంగల జాతి అని క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద రాసిపెట్టినారు, 1952కి దేశమంతా ఆ చట్టం పోయింది, మన చూపుల్లోంచే పోలా.

దూరమెందుకు, మా చిన్నమామ. కూతురి పెళ్ళికి చేటలు, గంపలు కొనేదానికి పోయి, ఎండలో కూసున్న ముసలామెతో ఇరవై రూపాయలకి గీసి గీసి బేరమాడినాడు, పైగా 'వీళ్ళకాడ బేరమాడకపోతే ముంచేస్తారు రా' అని నాకు పాఠం. అదే మనిషి డెకరేషనోడు ప్లాస్టిక్ ఆకులు తగిలించి 'విలేజ్ థీమ్' అంటే అడిగినంత లెక్కబెట్టి ఇచ్చినాడు. ఆ పెళ్ళిలో రెండో బంతికే వడలైపోయినాయి, అది వేరే కత. ఆ ముసలామె మాత్రం చేటలు పేడతో అలికిచ్చి, పసుపు బొట్లు పెట్టి మరీ ఇచ్చి పోయింది, ఒక్క ముద్ద తిని పొమ్మన్నోడు లేడు ఆ ఇంట్లో.

మామా, నువ్వు చదవతాంటావని తెలుసు. అమ్మకి ఫోన్ చేసి చెప్పుకో పో.