సవరణ: విస్కాన్సిన్ క్రీమరీల్లో పాల పరీక్ష

1900 తర్వాత కూడా అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లె క్రీమరీలు (పాలు కొని వెన్న తీసే కేంద్రాలు) పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్ చూసి, తూకాన్ని బట్టే డబ్బు కట్టేవని ముందు పోస్టులో ఉంది. ఆ పద్ధతి అప్పటికే వెనకబడింది. 1890లో రసాయన శాస్త్రవేత్త స్టీఫెన్ బాబ్‌కాక్ పాలలో కొవ్వు కొలిచే పరీక్ష తెచ్చాక వెన్నకొవ్వు శాతం మీద లెక్క కట్టడం పెరిగింది. 100 పౌండ్ల పాలకు 4 శాతం వస్తే 4 పౌండ్ల వెన్నకొవ్వుకు డబ్బు. లాక్టోమీటర్‌ను బోల్తా కొట్టించడం తేలిక: మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది, నీళ్లు పోస్తే మళ్లీ పాత అంకెకే దిగుతుంది.

బాబ్‌కాక్ పరీక్షకు ముందు పోస్టులో ఇచ్చిన కొలతలూ మారాలి. అందులో ఉన్న 10 మి.లీ. యాసిడ్, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ అన్నది గెర్బర్ పరీక్ష, కొవ్వు కొలిచే మరో పద్ధతి. మన పాలకేంద్రాల్లో వాడుతూ వచ్చింది అదే. బాబ్‌కాక్ సీసాలో 17.6 మి.లీ. పాలు, 17.5 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తారు. ఆల్కహాల్ ఉండదు. బాగా కలిపి, సీసాను సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రంలో) 5 నిమిషాలు తిప్పాలి. సీసా మెడ అడుగు దాకా వేడినీళ్లు పోసి 2 నిమిషాలు, కొవ్వు మెడలోకి ఎక్కేలా మళ్లీ పోసి 1 నిమిషం తిప్పాలి. 55–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చల్లారకముందే కొలత చూడాలి. కొవ్వు కింద నల్ల నలకలు కనిపిస్తే యాసిడ్ ఘాటెక్కువ, లేదా పాలు వెచ్చగా ఉన్నాయి. తెల్లటి విరుగుడు ముక్కలైతే యాసిడ్ చాలలేదు.