గ్రూపు కలవలేదట!

ఈ ఉదయం మా బాబాయి ఫోను చేసి, మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వబోతున్న మరదలిది ‘ఏ’ గ్రూపనీ, వాడిది ‘ఓ’ గ్రూపనీ తెలియగానే, "గ్రూపే కలవనప్పుడు ఇక చేసేదేముంది, డయాలసిస్‌తో నెట్టుకురావడమే" అని తేల్చేశారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ యంత్రం పక్కన పడుకునేది ఆయన కాదు కనుక నెట్టుకురావడం తేలికగానే తోచి ఉంటుంది.

‘ఓ’ గ్రూపువారి రక్తంలో ‘ఏ’, ‘బీ’ రెండింటినీ ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయనీ, ఏ ఏర్పాటూ లేకుండా ‘ఏ’ గ్రూపు కిడ్నీని అమర్చితే అవి దాని రక్తనాళాల మీద విరుచుకుపడి పాడుచేస్తాయనీ నాకూ తెలుసు. అయితే రిటుక్సిమాబ్ అనే మందుతో కొత్త యాంటీబాడీలు పుట్టకుండా అణచి, ఉన్నవాటిని ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మార్పిడితో తీసేసి ఆపరేషను చేస్తారనీ, మరణానంతర దాతలు కరవైన జపాన్‌లో 1980ల నుంచే గ్రూపు కలవని కిడ్నీలను అమరుస్తున్నారనీ ఆయన చెవిన పడినట్టు లేదు. పూర్వం ఇందుకోసం ప్లీహాన్ని కూడా తొలగించేవారు. ఆ మందు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇంకా విచిత్రమేమిటంటే, తొలి రెండు వారాలు గట్టెక్కాక యాంటీబాడీలు తిరిగి తలెత్తినా, చాలామందిలో కొత్త కిడ్నీ వాటితో సర్దుకుపోతుంది. ఆ గుణం మా బంధువులకు అబ్బలేదు.

పైగా, "పాజిటివో నెగటివో అయినా చూశారా?" అని ఆరా తీశారు. కిడ్నీ విషయంలో ఆ పట్టింపే లేదు మహాప్రభో!

ఇన్‌ఫెక్షన్ల భయం, రక్తస్రావం ముప్పు, అదనపు ఖర్చు ఉన్నాయని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఇలాంటి చిక్కే ఉన్న మరో జంటతో దాతలను మార్చుకునే దారి కూడా చెప్పారు కానీ, సరిపోయే జంట దొరికేదాకా ఎదురుచూసే ఓపిక తమ్ముడి ఒంట్లో లేదు.

ఇంతకీ మా బాబాయిది ‘ఓ’ గ్రూపే. షుగరు ఉందని నన్ను తొలిరోజే పక్కన పెట్టిన డాక్టర్లు, దగ్గరివాళ్లలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు, పరీక్షకైనా రాకుండా ఆ వారమే ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది. మా పెద్దన్నయ్యకు అత్యవసర ప్రయాణం తగిలింది. వాళ్లు ఇవ్వనందుకు నాకు కోపం లేదు, ఇవ్వమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ, భయమేస్తోందని ఒక్క మాట చెప్పడానికి బదులు ఇన్నాళ్లూ "గ్రూపులు కలవవులే" అంటూ తిరిగారే, అది మండుతోంది. బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో చాలా దేశాల్లో ఆడవారే ఎక్కువ. మా మరదలు ఎవరూ అడగకముందే చేయి చాపి రక్తం ఇచ్చింది.

తమ్ముడి యాంటీబాడీల లెక్క 1:128 ఉంది, అంటే 128 రెట్లు పలుచన చేసినా అవి కనిపిస్తున్నాయన్నమాట. దాన్ని 1:8కి దించాలన్నారు. రేపు తొలి ప్లాస్మా మార్పిడి. ఈలోగా సానుభూతితో ఫోను చేయదలచినవారు ముందుగా తమ గ్రూపేమిటో చెప్పి మాట్లాడవలసిందిగా ప్రార్థన.