విడి గది ఎక్కడుంది సార్?

కరోనా టైంలో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, ఆ తర్వాత జాగ్రత్తలు. పాజిటివ్ వస్తే ఇంట్లోనే విడిగా ఉండండి, గాలి ఆడే గదిలో ఉండండి, వీలైతే బాత్రూం కూడా వేరేది వాడండి అని చెప్పింది ప్రభుత్వమే. మరి ప్రభుత్వం పేదోళ్లకి కట్టిచ్చే ఇంట్లో ఆ విడి గది ఎక్కడుంది?

టౌన్లలో పేదోళ్లకి ప్రభుత్వం కట్టిచ్చే ఫ్లాట్లు, టిడ్కో ఇళ్లే తీసుకోండి. 300, 365, 430 చదరపు అడుగులు, మొదటి రెండిట్లో ఉండేది ఒకటే బెడ్రూం. ఇక కాలనీలంటారా, 2020 డిసెంబర్లో, అంటే ఇంకా మాస్కులు పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే, మన శ్రీకాళహస్తి పక్కన ఊరందూరుకి అప్పటి ముఖ్యమంత్రి వచ్చి ఇళ్ల పట్టాలిచ్చారు, ఆ స్కీములో టౌన్లో ఇచ్చింది ఒక సెంటు, అంటే 48 గజాలు. చుట్టూ మహమ్మారి ఉండగా గీసిన ప్లానులో మహమ్మారి జాడే లేదు! ఇప్పటి ప్రభుత్వం టౌన్లో రెండు సెంట్లు అంటోంది, మంచిదే, కానీ ఒక సెంటులో ఇప్పటికే కట్టేసిన ఇళ్లు పెరగవు కదా.

తిరుపతిలో ఏం జరిగిందో అందరం చూశాం. కొండ కింద ఒంటిగది అద్దె ఇళ్లలో ఉండే హోటల్ పనోళ్లకి, పూలమ్మే వాళ్లకి, జీపు డ్రైవర్లకి విడిగా ఉండే చోటే లేదు. భక్తులు దిగే వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణు నివాసం, తిరుచానూరు పద్మావతి నిలయం అన్నీ పేషెంట్లకి ఇచ్చేసినా చాలక వికృతమాల టిడ్కో ఇళ్లని కూడా కోవిడ్ సెంటర్ చేశారు. అప్పుడు పేషెంట్లని విడిగా ఉంచడానికి పనికొచ్చిన ఫ్లాట్లో రేపు అయిదుగురు కాపురం ఉంటారు, వాళ్లలో ఒకరికి జబ్బొస్తే ఎక్కడ పడుకోబెడతారు?

జాగా లేదు, ఒకవైపు శేషాచలం కొండలు, మిగతా వైపుల భూమి రేట్లు మండిపోతున్నాయి, చిన్నవైనా ఎక్కువ మందికి ఇళ్లు దక్కాలి కదా అంటారు ఆఫీసర్లు. సరే, ఒప్పుకుందాం. కానీ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ పెట్టడానికి సెంట్లు కావాలా? రెండు బ్లాకుల మధ్య గాలికి దారి వదలమంటే డబ్బుల్లేవంటారా? 2003లో హాంకాంగ్ అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో కరోనా లాంటి జబ్బే అయిన సార్స్ 300 మందికి పైగా అంటుకుంది, బాత్రూం కింద డ్రైన్ ట్రాపుల్లో, అంటే మురుగు గాలి పైకి రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపుల్లో, నీళ్లు ఎండిపోయి పైపుల్లోంచి వైరస్ ఇళ్లలోకి వచ్చిందని విచారణలో తేలింది. నీళ్లు సరిగ్గా రాని బ్లాకులు మన దగ్గర లేవా ఏంటి, ఎండాకాలంలో ఆ ట్రాపులు ఎవరైనా చూస్తున్నారా?

వేరే చోట్ల నేర్చుకున్నారు. 1896 ప్లేగు దెబ్బకి బొంబాయిలో ఇరుకు వాడల్ని గాలి ఆడేలా మార్చడానికి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టే పుట్టింది. 2020లో వలస కూలీల డార్మిటరీల్లో కరోనా అంటుకున్నాక సింగపూర్, కొత్తగా కట్టే వాటిల్లో గదికి 12 మంది దాటకూడదని రూల్ పెట్టింది. అంతెందుకు, మన ఊరి ప్రైవేట్ బిల్డర్లు కూడా నేర్చుకున్నారు, బ్రోచర్ తిరగేస్తే క్రాస్ వెంటిలేషన్, వర్క్ ఫ్రం హోమ్ గది, వాకింగ్ ట్రాక్. డబ్బున్నోడి ఇంటి ప్లాను కరోనాతో మారింది, పేదోడిది మారలేదు, ఇదే మా కోపం. విడిగా ఉండు అని గద్దించింది అందరినీ, విడిగా ఉండే గది ఇచ్చింది కొనుక్కోగలిగినోడికి.

ప్రారంభోత్సవాలు, రంగులు, స్టిక్కర్లు, ఎవరి బొమ్మ పెట్టాలనే గొడవ, వీటికి మాత్రం టైం ఉంటుంది మీకు. హౌసింగ్ ఆఫీసర్లూ, మంత్రులూ, ఆ బ్లాక్ ప్లాన్ కాగితం ఒకసారి టేబుల్ మీద పరవండి, 2020 తర్వాత అందులో మార్చిన గీత ఒక్కటి చూపించండి చాలు.