రాక్ స్టెప్‌పై కర్నూలు అభ్యంతరం

కర్నూలులో ఒక డాబా మీద, జాజ్ సంగీతానికి జోడీలుగా ఆడే స్వింగ్ డ్యాన్సు తరగతి మొదలైందని తెలిసిన నాటి నుంచి పట్టణ పెద్దమనుషుల్లో కలకలం రేగింది. ఆడామగా చేతులు పట్టుకోవడమే ఇందుకు కారణమని పైపైన చూసేవారు అనుకోవచ్చు గానీ, తరగతిలో స్త్రీలెవరూ చేరకుండా చూసుకుని ఆ సమస్యను సమాజం ముందే పరిష్కరించింది. అసలు అభ్యంతరం అంతకన్నా తీవ్రమైనది: ఈ నృత్యంలో మొదటి పాఠంలోనే రాక్ స్టెప్ పేరుతో మనిషిని వెనక్కి అడుగు వేయమంటారు.

నృత్యం పుట్టుకపై మాకు ఏ ఆక్షేపణా లేదు. న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి యువత దీనిని రూపుదిద్దింది. 1926లో తెరిచి 1958లో మూసిన అక్కడి సవాయ్ బాల్‌రూంలో, అమెరికాలో చాలాచోట్ల నల్లవారినీ తెల్లవారినీ ఒకే గదిలోకి రానివ్వని కాలంలో, ఇద్దరూ ఒకే నేల మీద ఆడారు. జోడీని గాలిలోకి ఎగరేసే విన్యాసాన్ని 1935లో ఈ నృత్యంలోకి తెచ్చిన ఫ్రాంకీ మానింగ్ తర్వాత దశాబ్దాల పాటు తపాలా శాఖలో పనిచేశాడు. ప్రభుత్వోద్యోగం ఉన్న మనిషి కనుక అతనికి మన ఊళ్లో పిల్లనివ్వడానికి కూడా ఎవరూ వెనకాడరు.

చిక్కంతా అడుగుల్లోనే ఉంది. కొత్తవారికి నేర్పే ఆరు లెక్కల వరుసలో ముందు ఒక పక్కకు ట్రిపుల్ స్టెప్, ఆపై రెండో పక్కకు మరొకటి, చివర రాక్ స్టెప్ వస్తాయి. ట్రిపుల్ స్టెప్ అంటే తాళంలో రెండు దెబ్బల కాలంలో మూడు అడుగులు వేయడం. ఇద్దరు పట్టే సీటులో ముగ్గురిని సర్దే మన షేర్ ఆటోల్లో పెరిగినవారికి ఇది ఒక్క పూటలో వచ్చేసింది. రాక్ స్టెప్‌లో మాత్రం ఒక కాలు వెనక్కి వేసి, బరువంతా దాని మీద మోపి, వెంటనే ముందుకాలి మీదికి తిరిగి రావాలి. పైగా జోడీలో ఇద్దరూ ఒకేసారి వెనక్కి వేయాలి. అప్పుడే పట్టుకున్న చేతుల మధ్య బిగువు పుట్టి, ఆ బిగువే ఇద్దరినీ మళ్లీ దగ్గరికి లాగుతుంది.

ఇక్కడే తరగతి ఆగిపోయింది. "నేనెందుకు ముందెయ్యల్ల సార్? ఆయప్పను ఎయ్యమను, అప్పుడు చూద్దాం" అని ఒకాయన అంటే, అవతలి ఆయన కూడా అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు. పాతబస్తీ సందులో రెండు బండ్లు ఎదురుపడితే ఏమవుతుందో తెలిసినవారెవరికీ ఇందులో ఆశ్చర్యం కలగదు. పాట అయిపోయింది, ఇంకో పాట కూడా అయిపోయింది, ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడే ఉన్నారు. చెక్కభజనలో మనవాళ్లూ వెనక్కి వేస్తారు కదా అని ఒక కుర్రవాడు అడిగాడు. అది దేవుడి ముందనీ, ఇది సాటి మనిషి ముందనీ పెద్దలు అతనికి నచ్చజెప్పారు.

జోడీలో ఒకరు నడిపించాలి, మరొకరు అనుసరించాలి అన్న నియమం దీనికి తోడైంది. నడిపించడానికి తరగతిలో అందరూ చేతులెత్తారు. పాటపాటకూ పాత్రలు మార్చుకోవచ్చనీ, అనుసరించడం తక్కువ పని కాదనీ, అవతలి చేతిలోని సూచనను పట్టుకోవడానికి ఎక్కువ నేర్పు కావాలనీ మాస్టారు చెప్పినదంతా నిజమే. అయితే వార్డుకు ముగ్గురు భావి కార్పొరేటర్లున్న పట్టణంలో ఆయన ఈ మాట చెబుతున్నారని గుర్తుంచుకోవాలి.

ఇంతకూ ఈ నృత్యం మాకు కొత్త కాదు. కాస్త పక్కకు జరిగి, మళ్లీ ఇటు జరిగి, వెనక్కి ఊగి, చెమట పట్టి, చివరికి బయలుదేరిన చోటే నిలబడటమే దీని సారమైతే, కర్నూలు 1937 నుంచి సాధన చేస్తోంది. ఆ ఏడాది కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకేనని మాట ఇచ్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ముందుకు అడుగు పడింది. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోవడంతో వెనక్కి ఊగాం. 2020లో చట్టం చేసి న్యాయ రాజధాని అన్నారు, 2021లో ఆ చట్టాన్ని ఉపసంహరించారు. రాక్ స్టెప్ ఇంత నిదానంగా వేసిన నర్తకులు హార్లెంలో కూడా ఉండి ఉండరు. మేం ఎప్పుడూ అనుసరించే పాత్రలోనే ఉన్నాం, నడిపించే చేతులు మాత్రం మారుతూ వచ్చాయి. అవతలివారు మాతోపాటు వెనక్కి వేయకపోవడం వల్ల బిగువు పుట్టలేదని మాస్టారు సాంకేతికంగా వివరించారు.

ఊరు మొత్తంగా వెనక్కి ఊగడానికి అలవాటుపడింది గానీ, ఊళ్లోని ఒక్కో మనిషి మాత్రం అందుకు ఒప్పుకోడు. అందువల్ల పాఠంలో స్వల్ప సవరణ కోరుతున్నాం. ట్రిపుల్ స్టెప్పులు పౌరులు వేస్తారు. రాక్ స్టెప్‌ను ఇప్పటివరకు వేయిస్తున్నట్టే ప్రభుత్వం ఊరందరి చేతా ఒకేసారి వేయించాలి, అప్పుడు ఎవరు ముందు వేశారన్న పేచీ ఉండదు. ఈ మేరకు వినతిపత్రం సిద్ధమైంది. సోమవారం కలెక్టరేటులో ఇవ్వాలని అనుకున్నాం గానీ, మొదటి సంతకం ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు.